పనిచేస్తా ఉంది కదా అని మళ్ళీ ఆన్ చేయొద్దు

చిత్తూరు,
మంగళవారం రాత్రి.

పాపా,

నీ మెసేజ్ చూసినా. హాస్టల్ రూములో కాఫీ గ్లాసు ల్యాప్‌టాప్ మీద ఒలికిందనీ, టవలుతో తుడిచేసినావనీ, రోంతసేపు కీబోర్డు పిచ్చిపిచ్చిగా చేసి ఇప్పుడు బాగానే పనిచేస్తా ఉందనీ రాసినావు. ఆ కడపటి మాటకే నాకు భయం. ఇది చదివే టయానికి అది ఆన్‌లో ఉంటే ముందు ఆపెయ్, మిగతాది తర్వాత చదువుదువు.

ఛార్జర్ తగిలించి ఉంటే గోడ దగ్గర స్విచ్ ఆపి, పొడి చేత్తో పిన్ను పీకు. పవర్ బటన్ నొక్కి పట్టుకో, స్క్రీను నల్లబడినాక కూడా వెంటనే వదలొద్దు. షట్‌డౌన్ కొట్టి, అది అప్‌డేట్లు వేసుకుంటా ఉంటే కూర్చోని చూసే టైము కాదిది. మూత మూసినంత మాత్రాన ఆగిపోదు, నిద్రపోతుంది అంతే. మౌసు, పెన్‌డ్రైవ్ ఏవి ఉంటే అవి తీసెయ్. టేబులు అంచు మీద పాత టవలు పరిచి, కీబోర్డు కిందికి ఉండేట్టు బోర్లించి, స్క్రీను అంచు బయటికి వేలాడనియ్. పైనుంచి పోయింది పైనుంచే రావాల. అటూ ఇటూ వంచి, ఊపి చూడొద్దు, తడి లేని చోటికి కూడా పాకుతుంది. ఒకవేళ అడుగు భాగం వేడిగా తగిలినా, ఉబ్బినట్టు కనపడినా, కమురు వాసన వచ్చినా దాన్ని ముట్టుకోకుండా వార్డెన్‌కు చెప్పు. బ్యాటరీతో మాత్రం ధైర్యాలు వద్దు.

ఇప్పుడు నాకెందుకు భయమో చెప్తా. కాఫీ పడిన నిమిషానికే చచ్చిన మిషన్లు నా రిపేరు అంగట్లో తక్కువే చూసినా. ఆరిపోయిందిలే అని వాడుకుంటా పోయి, వారానికో నెలకో చేతుల్లో పెట్టుకోని వచ్చినవే జాస్తి. తడికి కరెంటు తోడైతేనే చెరుపు. ఛార్జర్ నుంచి బోర్డులోకి, అంటే లోపల అన్నీ అతికించి ఉండే మదర్‌బోర్డులోకి, వచ్చేది చాలా ల్యాప్‌టాప్‌లలో 19 వోల్టులు, ప్రాసెసర్‌కు అందేది సుమారు ఒక వోల్టు. వెంట్రుకంత ఎడంలో పోయే దారులు ఇవి. ఆ సందులో కాఫీ చుక్క నిలిచిందంటే ఆ 19 ఎటు పోతుందో దేవుడికి ఎరుక. అంత దూరం పోకపోయినా, కరెంటున్న పిన్ను దగ్గర తడి ఉంటే రాగి కొంచెం కొంచెంగా కరిగి పక్కకు చేరుతుంది, చిలుము పడుతుంది. మన దేవుడి రూములో రాగి చెంబుకు చిలుము పట్టాలంటే రోజులు కావాల, కరెంటు పారే బోర్డు మీద ఒక్క రాత్రి చాలు.

2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇండ్లలోకి నీళ్ళు వచ్చినాయి కదా, అప్పుడు బురదనీళ్ళలో మునిగిన ల్యాప్‌టాప్‌లు మా దగ్గరికి కూడా వచ్చినాయి. బ్యాగులో ఆఫ్ చేసి ఉన్నవాటిల్లో కొన్నిటిని విప్పి, కడిగి, ఆరబెట్టి లేపినాము. అదే టైములో సగం గ్లాసు టీ పడి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉన్నదాన్ని లేపలేకపోయినాము. ఎంత పడింది అన్నదానికంటే, పడినాక ఎంతసేపు కరెంటులో ఉంది అన్నదే నేను ముందు అడిగేది.

ఏం పడింది అన్నది రెండోది. ఫిల్టర్ నీళ్ళు పడి ఉంటే బాగా ఆరబెట్టమని చెప్పి ఊరుకునేవాణ్ణేమో. బోరునీళ్ళయితే ఉప్పు ఉంటుంది. టెంకాయనీళ్ళు ఆరోగ్యానికి ఎంత మంచివో బోర్డుకు అంత చేటు, అవి నిండా లవణాలే. కూల్‌డ్రింకుల్లో ఆమ్లం. నీది పాలు, చక్కెర వేసిన కాఫీ. దాంట్లో నీళ్ళు ఆవిరవుతాయి, చక్కెర, పాలపదార్థం బోర్డు మీదనే జిగురుగా మిగిలిపోతాయి. ఎండాకాలం అంతా అది ఊరికే పడుంటుంది. అక్టోబరు, నవంబరులో మన తట్టు వానలు పట్టుకున్నప్పుడు గాలిలో తేమ పీల్చుకోని మళ్ళీ తడవుతుంది. మేలో ఒలికింది నవంబరులో ఎందుకు చచ్చిందని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. కాబట్టి నీ మిషన్‌కు ఆరబెట్టడం చాలదు, విప్పి కడగాల.

నీ రూమ్మేట్లు ఈపాటికి బియ్యం మూట తెచ్చి ఉంటారు. బియ్యం ల్యాప్‌టాప్ లోపలి తడిని లాగలేదు. దాని పిండి, నూకలు ఫ్యాను సందుల్లోకి, పోర్టుల్లోకి పోతాయి. ఐఫోను తడిస్తే బియ్యం సంచిలో పెట్టొద్దని ఆపిల్ వాళ్ళే రాసి పెట్టినారు. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. దాని వేడికి కీలు వంకరపోతాయి, గాలి వేగానికి కాఫీ ఇంకా లోపలికి పోతుంది, చక్కెర పాకంలా గట్టిపడుతుంది. మిద్దె మీద ఎండలో పెడదామా అన్నావు. తిరుపతి ఎండలో మిద్దె ఎట్లా కాలుతుందో తెలుసు కదా, బ్యాటరీ, స్క్రీను రెండూ పాడవుతాయి. ఫ్యాను కింద పెట్టు, చాలు.

విప్పే ముందు ఒక పని. కొన్నప్పటి బిల్లు, వారంటీ కాగితం చూడు. మామూలు వారంటీ నీళ్ళు పడినదానికి రాదు. అయితే కొనేటప్పుడు మీ నాయన ప్రమాదవశాత్తు దెబ్బతింటే చూసే ప్లాన్ ఏదైనా విడిగా కట్టి ఉంటే వస్తుంది. ఉంటే నువ్వు స్క్రూ కూడా ముట్టుకోకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఇచ్చెయ్. అక్కడ ‘ఏమీ పడలేదు సార్’ అని అబద్ధం చెప్పొద్దు. చాలా మిషన్లలో లోపల చిన్న తెల్ల స్టిక్కర్లు ఉంటాయి, తడి తగిలితే ఎర్రగా మారతాయి. మూత తీయంగానే తెలిసిపోతుంది.

ప్లాన్ లేకుంటే, మీ క్లాసులో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో చేయి తిరిగిన పిల్ల ఎవరైనా ఉంటే సాయం తీసుకోని అడుగు మూత తీయండి. స్క్రూలు అన్నీ ఒకే పొడుగు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలది ఆ మూలనే టేపుతో అంటించుకోండి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైన చేతులు ఆనించే పామ్‌రెస్ట్‌కు బొడిపె వస్తుంది, లేదా బోర్డుకే చిల్లి పడుతుంది. మూత తీసినాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్ విడదీయడం. ఆఫ్ చేసినా బ్యాటరీ తగిలి ఉన్నంతసేపు బోర్డులో కొన్ని లైన్లకు కరెంటు అందతానే ఉంటుంది. వైర్లు పట్టి లాగొద్దు. గోరుతోనో ప్లాస్టిక్ పుల్లతోనో కనెక్టర్ అంచులు కొంచెం కొంచెంగా కదిలించండి. ఇనుపది ఏదీ అక్కడ పెట్టొద్దు. ఇంతవరకు చేస్తే సగం ప్రమాదం దాటినట్టే. ఇక్కడ ఆగిపోయి మిగతాది అంగడివాళ్ళకు ఇచ్చినా తప్పేం లేదు.

కడగడానికి వాడేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంగళ్ళలో ఐపీఏ అంటే ఇస్తారు, 99 శాతానిది అడగాల. చేతులకు పూసుకునే శానిటైజర్ పనికిరాదు, దాంట్లో నీళ్ళు, జిగురు ఉంటాయి. గోళ్ళరంగు తీసేది ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. మెత్తని పాత టూత్‌బ్రష్‌ను ఐపీఏలో ముంచి, కాఫీ మరక ఎక్కడ కనపడితే అక్కడ, ముఖ్యంగా కనెక్టర్ల చుట్టూ, ఒత్తకుండా రుద్దాల. గోధుమరంగు జిగురు వదులుతా ఉంటే టిష్యూతో అద్దుకుంటా పోవాల. పచ్చగానో తెల్లగానో పొడి కట్టినట్టు కనపడితే అది చిలుము. దాని కింద కంటికి సరిగా ఆనని కెపాసిటర్లు అనే చిన్న ముక్కలు ఉంటాయి, గట్టిగా రుద్దితే ఊడొస్తాయి. ఆ పని మైక్రోస్కోపు కింద చేసేవాళ్ళకు వదిలెయ్. ఐపీఏకు నిప్పు అంటుకుంటుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, పక్కన దీపం, అగరబత్తి, దోమల చుట్ట ఏదీ ఉండకూడదు.

ఇక ప్రాజెక్టు ఫైళ్ళ సంగతి. ‘ఒక్కసారి ఆన్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటా’ అని నీకు అనిపిస్తా ఉంటుంది. వద్దు. ఫైళ్ళు బోర్డులో ఉండవు, ఎస్‌ఎస్‌డీలో ఉంటాయి. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది చూయింగ్ గమ్ పలక మాదిరి ఒక చిన్న కార్డు, ఒకే స్క్రూ. దాన్ని తీసి, తడి లేకుండా చూసుకోని, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్ళు వస్తాయి. కేస్ కొనేటప్పుడు ఎన్‌వీఎంఈదా సాటాదా అని అడుగుతారు, ఎస్‌ఎస్‌డీల్లో అవి రెండు రకాలు, కార్డు మీద రాసి ఉన్నది చూపించు. కొత్త మ్యాక్‌బుక్‌లలో మాత్రం ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికించి ఉంటుంది. నీది అది కాదు కాబట్టి బతికిపోయినావు.

అయితే ఒక చిక్కుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, మనకు చెప్పకుండానే డిస్కుకు తాళం పడి ఉంటుంది చాలాసార్లు. దాన్ని బిట్‌లాకర్ అంటారు. వేరే కంప్యూటర్‌కు తగిలించంగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోనులో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైజెస్ కింద ఉంటుంది, ఈ రాత్రికే చూసి పేపరు మీద రాసి పెట్టుకో. ఈ ఒక్క కీ లేక పిల్లలు అంగట్లో కండ్లనీళ్ళు పెట్టుకోవడం చూసినా.

అంగడికి ఇచ్చేటట్టయితే, బాలాజీ కాలనీ తట్టు పోయినా లీలామహల్ తట్టు పోయినా, ‘చిప్ లెవెల్ చేస్తారా’ అని అడుగు, అంటే బోర్డు మొత్తం మార్చకుండా దాని మీద చెడిన ముక్కను మాత్రం బాగుచేయడం. చేయనివాళ్ళు నేరుగా ‘బోర్డు పోయింది, మార్చాల’ అంటారు. చేసేవాళ్ళు ముందు విప్పి, కడిగి, మీటర్ పెట్టి చూసి చెప్తారు. నీ ఎదురుగా ఛార్జర్ పెట్టి ఆన్ చేసి ‘చూద్దాం’ అనేవాడి చేతిలోంచి తీసుకోని వచ్చెయ్, మొహమాటపడొద్దు. ఎస్‌ఎస్‌డీ తీసిపెట్టుకోనే ఇవ్వు. రిపేరుకు అది అక్కర్లేదు, నీ ఫోటోలు, పాస్‌వర్డులు వాళ్ళ దగ్గర ఉండాల్సిన పనీ లేదు. ర్యామ్ మార్చేయకుండా ముందే దాని ఫోటో తీసుకో, రసీదులో మోడల్, సీరియల్ నంబర్ రాయించు. కడిగినందుకు ఎంత, కీబోర్డుకు ఎంత, బోర్డు పనికి ఎంత అని విడివిడిగా చెప్పమను. కీబోర్డు దాదాపు పోయినట్టే లెక్క వేసుకో. కాఫీ మొదట తాగేది అదే, కడిగినా కీలు అతుక్కుంటా ఉంటాయి. కొన్ని మోడళ్ళలో పైమూతకే రివిట్లతో బిగించి ఉంటుంది, అట్లాంటిదయితే కూలి జాస్తి అవుతుంది. అది వాళ్ళు మోసం చేయడం కాదు.

బోర్డు పనికి అడిగేది అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటితే నేనైతే చేయించను. తడిసిన బోర్డు బాగుచేసినా దాని మీద పూర్తి నమ్మకం ఉండదు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, స్క్రీను బాగుంటే వాటికి విలువ ఉంది, ఊరికే వదిలేయొద్దు. కడిగినంతలో లేచిందంటే మాత్రం ఆ దుడ్డు పెట్టడం మంచిదే.

ఆదివారం దాకా నేను రాలేను, మీ పెద్దమ్మకు కంటి చెకప్ ఉంది. అంతవరకు దాన్ని విప్పకుండా పెట్టొద్దు. పాలకాఫీకి రేపు, ఎల్లుండి లోపల కడగడమే మేలు. అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి పంపితే స్క్రూలు ఎన్ని, బ్యాటరీ కనెక్టర్ ఎక్కడ, ఎస్‌ఎస్‌డీ ఏ తట్టు ఉందో నేను చూసి చెప్తా. రికవరీ కీ రాసినాక దాని ఫోటో మీ నాయనకు కూడా పంపి పెట్టు.

మీ పెదనాయన