గుండె వాల్వు ఆపరేషన్ తర్వాత అమ్మను ఎట్ల పడుకోబెట్టాలి?

అడిగింది: మాది నల్లగొండ పక్క ఊరు. అమ్మకు వచ్చే నెల హైదరాబాద్‌లో గుండె ఎడమ గదుల నడుమ ఉండే మైట్రల్ వాల్వు తీసి లోహపు వాల్వు వేస్తరట. ఇప్పుడే వెల్లకిలా పడుకుంటే ఆయాసం. తర్వాత ఎట్ల పడుకోవాలి, ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్ అయితే రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయినంక స్టీలు తీగలతో కట్టేస్తరు. ఆ ఎముక గట్టిపడటానికి 6 నుంచి 12 వారాలు పడతది. అప్పటిదాక అమ్మ చేతుల మీద బరువు పడొద్దు. తక్కినవన్నీ దీన్ని బట్టే.

మొదలు మంచం చూడు. నులక మంచం, నవారు మంచం నడుమ కుంగుతయి, చేతులు ఊనకుండా లేవలేం. కింద చాప అసలే వద్దు. చెక్క మంచం కావాలె. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలె. తల దిక్కు చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీని తలకిందులుగా పెట్టి, దాని వీపు ఏటవాలుగా వచ్చేటట్టు గోడకు ఆనించి, మీద మెత్తలు పేర్చు. చానా ఇండ్లల్ల తల కిందనే మూడు మెత్తలు పెడతరు. దాంతోని మెడ వంగుతది గని ఛాతీ లేవదు. మొదటి మెత్త నడుము కాడి నుంచే మొదలుకావాలె. ఇప్పటి ఆయాసానికి గూడ ఇదే ఏర్పాటు పనికొస్తది. అయినా మెత్తలు రోజురోజుకు పెంచాల్సి వస్తున్నా, రాత్రి ఊపిరాడక లేచి కూసుంటున్నా ఆపరేషన్ తారీకు దాక ఆగొద్దు, వెంటనే దవాఖానకు చెప్పు. ఒంట్లో నీరు తీసే గోలీ రాసి ఉంటే పొద్దున వేయొచ్చా అని అడుగు; రాత్రి వేస్తే నిద్రంతా బాత్రూంకే పోతది.

లేవడం ఇప్పటి నుంచే నేర్పించు. మోకాళ్లు రెండూ మడవాలె. భుజాలు, తుంటి ఒక్కసారే కదిలేటట్టు పక్కకు దొర్లాలె. కాళ్లు మంచం దించితే ఆ బరువుకే పైభాగం లేస్తది. నువ్వు వీపు వెనక అరచెయ్యి పెట్టి ఆసరా ఇస్తే చాలు. ఇక్కడే ఇంటోళ్లు తప్పు చేస్తరు, ప్రేమతోనే. "లే అమ్మా" అని చెయ్యి పట్టి గుంజుతరు, లేదా చంకల కింద ఎత్తుతరు. ఆ గుంజుడు నేరుగా తీగల మీద పడతది.

దగ్గు, తుమ్ము వస్తే చిన్న మెత్తను ఛాతీకి గట్టిగ హత్తుకోవాలె, అది ఎప్పుడూ చేతికందాలె. ఊపిరితిత్తుల కసరత్తుకు మూడు బంతుల డబ్బా ఇస్తరు. అది ఊదేది కాదు, పీల్చేది. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు. కొత్తల్ల వెల్లకిలనే, ఏటవాలుగా పడుకోవాలె. పక్కకు తిరగడం సర్జన్ సరేనన్నంకనే. బోర్లా పడుకోవడం మూడు నెలలు మర్చిపోవాలె.

నొప్పి గోలీ పడుకోవడానికి అరగంట ముందు వేస్తే నిద్ర పడతది. నిశ్శబ్దంల లోహపు వాల్వు టిక్ టిక్ అంటది, భయపడొద్దు, ఫ్యాన్ చప్పుడుల కలిసిపోతది. చూడనొచ్చే చుట్టాలే అసలు నిద్ర చెడగొడతరు. సాయంత్రం ఒక గంట అని ముందే చెప్పు. బిందె, నిండు బకీటు ముట్టొద్దు, పది లీటర్ల నీళ్లంటేనే పది కిలోలు. ముందు పక్క హుక్కులున్న మెత్తటి నూలు లోబట్టలు కొను, రొమ్ముల బరువు కుట్టును గుంజకుండ ఉంటది. కమోడ్ లేకుంటే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టు.

రక్తం పలచన చేసే గోలీ, అసిట్రామ్ గానీ వార్ఫరిన్ గానీ, రోజూ ఒకే టైముకు. మైట్రల్ లోహపు వాల్వుకు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగ ఉందో చెప్పే రక్త పరీక్ష అంకె) మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతరు, అమ్మకు ఎంతో డాక్టరే చెప్తడు. పాలకూర, తోటకూర మానొద్దు. ఒక వారం రోజూ, ఇంకో వారం అసలు లేకుండ తింటే ఐఎన్ఆర్ ఊగుతది. ఒళ్లు నొప్పులని ఊర్లె ఆర్‌ఎంపీ కాడికి పోయి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మాత్రం ఎన్నటికీ వద్దు: సూది గుచ్చిన పిర్రలో లోపల రక్తం కారి గడ్డలెక్క పేరుకుంటది, కడుపులో రక్తం కారే ముప్పు పెరుగుతది. నాటు మందులూ అంతే.

రోజూ పొద్దున బరువు చూసి రాసిపెట్టు. ఒక్కరోజుల కిలో పైన పెరిగినా, జ్వరం 100.4 దాటినా, ఎముక కటకటమన్నా, కుట్టు నుంచి చీము కారినా ఫోన్ చెయ్. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా 108.

ఇంకొకటి, ఈ నెలలనే పండ్ల డాక్టర్‌కు చూపించు. పుచ్చిపోయిన పన్ను తీసేది ఉంటే గుండె డాక్టర్‌ను అడిగి ఆపరేషన్‌కు ముందే తీయించు. తర్వాత పన్ను పీకాలంటే వాల్వుకు క్రిములు పట్టకుండ ముందుగ యాంటీబయాటిక్ వేయాలె, ఐఎన్ఆర్ చూడాలె.