ముక్కు లేవని బోటు

ప్రశ్న: నాది 20 అడుగుల వీ-హల్ బోటు, అవుట్‌బోర్డ్ ఇంజిన్. గేర్ నిష్పత్తి 1.75, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు జరిగే దూరం) 24 అంగుళాలు. 5800 ఆర్‌పీఎం దగ్గర జీపీఎస్‌లో వేగం గంటకు 64 మైళ్లు దాటదు. ముక్కు నీళ్లను వదలదు. ఇంకా ట్రిమ్ (ఇంజిన్ వంపు కోణం) ఎత్తితే ప్రొపెల్లర్ గాలి పీల్చి పట్టు తప్పుతోంది. పెద్ద ఇంజిన్ వేయాలా?

జవాబు: వద్దండీ, ఆ డబ్బు దాచుకోండి. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ నిష్పత్తితోనూ 1056తోనూ భాగించండి. మీ బోటుకు లెక్క ప్రకారం 75 మైళ్లు రావాలి. అంటే సుమారు 15 శాతం స్లిప్, లెక్క వేగానికీ అసలు వేగానికీ ఉన్న తేడా. నా దృష్టిలో తప్పు ప్రొపెల్లర్‌దే. రెక్కలు వెనక్కి బాగా వాలి, అంచున కప్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్‌ది పెట్టండి. రెక్క వెనక అంచు మీద వేలు పెట్టి తడిమితే సన్నగా ఒంపు తగులుతుంది, అదే కప్. అది నీటిని వదలకుండా పట్టుకుంటుంది కాబట్టి ట్రిమ్ ఇంకాస్త ఎత్తొచ్చు, ముక్కూ లేస్తుంది.

బ్యాటరీలు ముందుంటే వెనక్కి జరపండి.

ఆ తర్వాతే ఇంజిన్ ఎత్తు. ఒక్కోసారి పావు అంగుళం చొప్పున పెంచుతూ, కూలింగ్ వాటర్ ప్రెషర్ మీటరు మీద కన్నేసి ఉంచండి. ప్రెషర్ పడిపోతే వెంటనే దించేయాలి, లేదంటే ఇంజిన్ వేడెక్కి పాడవుతుంది. ముక్కు ఎగిరెగిరి పడుతుంటే ట్రిమ్ తగ్గించండి. బోటు అటూ ఇటూ ఊగడం మొదలైతే థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేయకుండా మెల్లగా తగ్గించండి. కిల్ స్విచ్ (మీరు పడిపోతే ఇంజిన్‌ను ఆపేసేది) తాడు ఒంటికి తగిలించుకోకుండా మాత్రం ఈ పరీక్షలు దయచేసి చేయకండి.