పార్లమెంటరీ విధానం నాకు అర్థమైంది ఒక్క ఓటు తేడాతో

అమెరికాలోనూ ఎన్నికలున్నాయి, మన దగ్గరా ఉన్నాయి, మరి మనది పార్లమెంటరీ విధానమని దేన్ని చూసి అంటారని అడిగారు. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదువుతూ ఆ లక్షణాలన్నీ బట్టీ పట్టాను. బుర్రకెక్కింది మాత్రం 1999 ఏప్రిల్ 17న, కోనసీమలో మా ఇంటి టీవీ ముందు.

వాజ్‌పేయి ప్రభుత్వానికి అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకుంది. లోక్‌సభలో బలం నిరూపించుకోమని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రధాని వాజ్‌పేయిని కోరారు. ఆ రోజు మా తోటలో కొబ్బరి దింపు. దింపు తీసేవాళ్లు కూడా పని ఆపి కిటికీ దగ్గర నిలబడ్డారు. స్పీకర్ కుర్చీలో మా అమలాపురం ఎంపీ బాలయోగి గారు ఉన్నారు మరి! అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ప్రభుత్వం పడిపోయింది.

నాన్న నమ్మలేదు. “ఐదేళ్లకని ఓట్లేశాం కదరా, పదమూడు నెలలకే దిగిపోవడమేంటి?” అన్నారు.

మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. రాజ్యాంగం 75వ అధికరణ ప్రకారం మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు ఉమ్మడిగా జవాబుదారీ. ఐదేళ్లన్నది సభకు గడువే తప్ప ప్రభుత్వానికి హామీ కాదు. అమెరికా అధ్యక్షుడి పార్టీ కాంగ్రెస్‌లో, అంటే అక్కడి చట్టసభలో, మెజారిటీ పోగొట్టుకున్నా ఆయన నాలుగేళ్లూ పదవిలో ఉండొచ్చు. మన ప్రధాని ఒక్కరోజు కూడా సభ నమ్మకం లేకుండా దర్జాగా పాలించలేరు. మంత్రులు ఏదో ఒక సభలో సభ్యులై ఉండాలి, కాకపోతే ఆరు నెలల్లో కావాలి. 1991లో పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యాకే నంద్యాల ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. రాష్ట్రపతి దేశాధినేతే అయినా మంత్రిమండలి సలహా మేరకే నడుచుకుంటారు.

ఆ ఓటింగ్‌లో నన్ను ఇప్పటికీ వదలనిది గిరిధర్ గమాంగ్ ఓటు. ఆయన అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, కానీ కోరాపుట్ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఓటు వేయాలా వద్దా అన్నది స్పీకర్ ఆయన మనస్సాక్షికే వదిలేశారు. ఆయన వ్యతిరేకంగా వేశారు. వేయకపోయి ఉంటే 269-269. సమానమైతే నిర్ణాయక ఓటు స్పీకర్‌ది. ఈ లెక్క చెప్పగానే నాన్న టీవీ వైపు తిరిగి, “అంటే మనం గెలిపించినాయన చేతిలోకి వచ్చేదన్నమాట” అని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు.