పాత తీర్పుల్లో ట్రాన్స్‌పోర్టేషన్ అంటే రవాణా కాదు

పాత తీర్పులో "ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్" అని చూశాను, దీన్ని తెలుగులో ఏమని రాయాలి అని అడిగారు. ద్వీపాంతరవాసం అని రాయండి, అంటే నేరస్థుణ్ణి శిక్షగా సముద్రం దాటించి అండమాన్ లాంటి దూర ద్వీపాలకు పంపేయడం. రవాణా అని మాత్రం దయచేసి రాయకండి. దాని వల్ల ఒక కుటుంబం ఎంత నలిగిందో చూశాను కాబట్టి చెబుతున్నా.

నేను సివిల్ ప్లీడర్‌ని. జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఆస్తి పంపకాల మీద ఒక భాగాల దావా వచ్చింది. మా క్లయింటు పెద్దాయన. "వీళ్ల తాత పెళ్లాం బిడ్డల్నీ వాటానీ వదిలేసి దేశాలు పట్టి పోయాడు" అని అవతలివాళ్లు జవాబు దావాలో రాశారు. ఊళ్లోనూ అదే మాట. పెద్దాయన దగ్గర 1910ల నాటి సెషన్స్ తీర్పు నకలు ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అంటించారు. ఎవరో చేసిపెట్టిన తెలుగు అనువాదంలో "జీవితాంతం రవాణా" అని ఉంది. ఆయనకు అర్థం కాలేదు, ఎవరికి మాత్రం అవుతుంది?

ఇంగ్లీషు ప్రతి చదివి విషయం చెప్పాను. పొలం గట్టు తగాదాలో మనిషి చనిపోయిన కేసు అది. కోర్టే శిక్ష వేసి సముద్రం దాటించింది. ఆ లైను ఎక్కడుందో చూపించమన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా దానిమీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. "అయితే మా నాయనమ్మని వదిలేసి పోలేదన్నమాట" అన్నాడు చివరికి.

అండమాన్ అనగానే అందరూ సెల్యులర్ జైలు, స్వాతంత్ర్య యోధులు అంటారు. ఆ జైలు పూర్తయింది 1906లో. ఖైదీలను దించడం 1858లోనే మొదలైంది. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు, ఆయన్నే మనం సరిగా తలుచుకోం. ఇక ఇలాంటి మామూలు తగాదాల్లో శిక్షపడి అక్కడికి పోయిన రైతుల ఊసెత్తేదెవరు? అక్కడికి పోయినవాళ్లలో ఎక్కువమంది మామూలు నేరాల ఖైదీలే. బ్రిటిష్‌వాళ్లు సొంత జనాన్నీ వదల్లేదు. 1788 నుంచి 1868 దాకా లక్షన్నరకు పైగా ఖైదీలను ఆస్ట్రేలియాకు ఓడలెక్కించారు.

మన శిక్షాస్మృతిలో 1955లో చేసిన సవరణ 1956 జనవరి 1 నుంచి అమలైంది, ద్వీపాంతరవాసం స్థానంలో యావజ్జీవ ఖైదు వచ్చింది. దాన్నీ జనం "పద్నాలుగేళ్లేగా" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. యావజ్జీవ ద్వీపాంతరమైనా, యావజ్జీవ ఖైదైనా ప్రభుత్వం శిక్ష తగ్గిస్తే తప్ప బతికున్నంత కాలమేనని సుప్రీంకోర్టు 1961లోనే, గోపాల్ గోడ్సే కేసులో, తేల్చేసింది. పద్నాలుగేళ్లనేది కొన్ని నేరాల్లో అంతకు ముందు వదలకూడదని పెట్టిన గడువు. అది నిండగానే తలుపు తీస్తారని ఎక్కడా లేదు.

మీ అనువాదం కోర్టులో వేసేదైతే ఇంగ్లీషు మాటను కూడా పక్కనే తెలుగు లిపిలో ఉంచండి.