మెటాడోర్ బ్యాటరీకి లక్షా ముప్పై ఐదు వేలు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది సైనిక్‌పురి. వయసు 43. నాన్నగారి 1997 నాటి టెంపో మెటాడోర్‌ను నాలుగేళ్ల క్రితం క్యాంపర్‌గా మార్పించుకున్నాం. ఏడాదికి ఆరేడుసార్లు పిల్లలతో అనంతగిరి, నాగార్జునసాగర్, శ్రీశైలం వెళ్లి రెండేసి రాత్రులు బండిలోనే ఉంటాం. ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు నడిపే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండేళ్లకే పోయింది. 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ, 400 వాట్ల సోలార్, 2,000 వాట్ల ఇన్వర్టర్, ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని నింపే 40 ఆంపియర్ల డీసీ ఛార్జర్, వైరింగ్ అన్నీ కలిపి రూ.1,35,000 కొటేషన్ ఇచ్చారు. దాంతో ఇండక్షన్ స్టవ్ కూడా నడుస్తుందన్నారు. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి రూ.88,000. ఇంటి లోన్ ఈఎంఐ 31,000, ఇంటి ఖర్చు 38,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 12,000 పోగా ఏడు వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలో రూ.2,40,000 ఉంది. దసరాకు రూ.45,000 బోనస్ వస్తుంది. పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా, సిప్ కొన్నాళ్లు ఆపాలా?

జవాబు: ఈ మూడూ వద్దు. మీకు కావలసిన సౌకర్యం అందులో సగం ఖర్చుతో వస్తుంది. అదీ ఒకేసారి పెట్టనక్కర్లేదు.

ముందు అప్పు సంగతి. 14 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.4,614 కట్టాలి. చివరికి కట్టేది రూ.1,66,100. అంటే వడ్డీయే రూ.31,000 పైన. మీ కొటేషన్‌లో 200 ఏహెచ్ బ్యాటరీ ధర 62,000 అని ఉంది. ఆ లెక్కన వడ్డీ డబ్బుతోనే ఒక 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ కొనుక్కోవచ్చు. కార్డు మీద ఈఎంఐ కూడా ఇంతే. ఒక్క నెల తప్పితే ఇంకా ఘోరం.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లకండి. మీ ఇల్లు నెల గడవాలంటే ఈఎంఐతో కలిపి 69,000 కావాలి. ఆరు నెలలకు సరిపడా అంటే రూ.4,14,000 ఉండాలి. మీ దగ్గరున్నది మూడున్నర నెలలకే వస్తుంది. అందులోంచి లక్షా ముప్పై ఐదు వేలు తీస్తే నెలన్నర ఖర్చే మిగులుతుంది. ప్రైవేటు ఉద్యోగం, ఎదుగుతున్న పిల్లలు... ఇది నాకు నిజంగా భయం కలిగించే అంకె. సిప్ కూడా ఆపకండి. ఆపినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి ఏళ్లు పట్టడం చాలాసార్లు చూశాను.

ఇక అసలు విషయం. కొటేషన్‌లోని అంకెలు మీ వాడకం చూసి వేసినవి కావు. మీ వాడకం మనమే లెక్క వేద్దాం. 12 వోల్టుల ఫ్రిజ్ 45 వాట్లు తీసుకుంటుంది. మన ఎండలకు కంప్రెసర్ రోజులో సగం సేపు తిరుగుతుందనుకుంటే 540 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). 20 వాట్ల ఫ్యాన్ పది గంటలకు 200. లైట్లకు 50, ఫోన్లకు, ల్యాప్‌టాప్‌కు ఓ 110. మొత్తం 900. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో 1,280 వాట్ అవర్లుంటాయి. ఎనభై శాతమే వాడుకున్నా వెయ్యి దాటుతుంది. ఒక పగలు, ఒక రాత్రి ఎక్కడా ఛార్జింగ్ లేకుండా గడిచిపోతాయి.

మరి 200 ఏహెచ్, 2,000 వాట్ల ఇన్వర్టర్ ఎందుకు వచ్చాయి? ఇండక్షన్ స్టవ్ కోసం. 1,800 వాట్ల స్టవ్ అరగంట వెలిగిస్తే మీ రోజు మొత్తం వాడకం అంత కరెంటు అయిపోతుంది. పైగా 12 వోల్టుల బ్యాటరీ నుంచి 2,000 వాట్లు లాగాలంటే 160 ఆంపియర్ల పైమాటే. దానికి తగ్గ లావు కేబుళ్లు, ఫ్యూజులు కావాలి. ఏడాదికి పద్నాలుగు రాత్రుల వంట కోసం ఇంత ఖర్చు నేను ఒప్పుకోను. వంట ఇప్పుడు ఎలా చేసుకుంటున్నారో అలాగే కానివ్వండి. ల్యాప్‌టాప్‌కు 300 వాట్ల చిన్న ఇన్వర్టర్ చాలు.

పాత బ్యాటరీ రెండేళ్లకే ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది కొంటే మాత్రం ఆ డబ్బూ పోతుంది. బ్యాటరీది తప్పు కాకపోవచ్చు. ఆటో ఎలక్ట్రీషియన్‌తో ఒక పని చేయించండి. ఇంజిన్ కాస్త రేజ్‌లో ఉంచి, వెనక బ్యాటరీకి వెళ్లే వైరు చివర మల్టీమీటర్ పెట్టించండి. 14.2 నుంచి 14.4 వోల్టులు రావాలి. 13.5 దగ్గరే ఆగితే ముందు నుంచి వెనక్కి వెళ్లే సన్న వైరులో, రిలేలో వోల్టేజీ పడిపోతోందన్నమాట. అలాంటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. సగం ఛార్జింగ్‌తో రెండేసి నెలలు షెడ్డులో పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి చచ్చిపోతుంది.

ఈ సమస్య తీర్చేది డీసీ ఛార్జర్. తక్కువ వోల్టేజీ వచ్చినా పెంచి, బ్యాటరీకి కావలసినట్టు అందిస్తుంది. అందుకే మీ ఖర్చులో మొదటి రూపాయి దీనికి పెట్టండి. అయితే 40 ఆంపియర్లది వద్దు. పాత డీజిల్ బండిలో ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ చిన్నది. హెడ్‌లైట్లు, వైపర్లు కూడా దాని మీదే నడవాలి. గంటల తరబడి అంత లాగితే వేడెక్కి కాలిపోతుంది, ఆ రిపేరు ఖర్చు వేరే. మీకు 20 ఆంపియర్లది సరిపోతుంది. శ్రీశైలం చేరడానికి మెటాడోర్‌లో ఎటూ ఐదు గంటలు పడుతుంది. గంటకు 20 చొప్పున వంద ఏహెచ్. ఖాళీ బ్యాటరీ కూడా అక్కడికి వెళ్లేసరికి దాదాపు నిండుతుంది. అందుకే సోలార్ మీకు తొందరేం కాదు. అది వచ్చేదాకా రెండో రోజు దాదాపు మూడు గంటలు బండి తిప్పండి, లేదంటే వాడకం తగ్గించుకోండి.

లిథియం వల్ల డబ్బు ఆదా అవుతుందని షాపు వాళ్లు చెప్పే మాట మీ విషయంలో నిలవదు. 16,000 పెట్టి ట్యూబులర్ కొని, సరిగ్గా ఛార్జ్ చేస్తూ నాలుగేళ్లు వాడితే ఏడాదికి నాలుగు వేలు. 31,000 లిథియం ఎనిమిదేళ్లు వస్తే అదీ ఏడాదికి దాదాపు నాలుగు వేలే. అయినా నేను లిథియమే తీసుకోమంటాను. ట్యూబులర్ 50 కిలోల పైన ఉంటుంది, లిథియం పన్నెండు పదమూడు కిలోలు. ఛార్జ్ అయ్యేటప్పుడు ట్యూబులర్ నుంచి హైడ్రోజన్ వస్తుంది, కుదుపులకు యాసిడ్ తొణుకుతుంది. పిల్లలు పడుకునే చోట అది ఉండకూడదు. లిథియంకు మాత్రం వేడి పడదు. ఇంజిన్ పక్కన కాకుండా వెనక సీటు కింద పెట్టించండి. వాడని నెలల్లో సగం ఛార్జింగ్‌తో నీడలో ఉంచండి.

మీ కొటేషన్ ధరల ప్రకారమే 100 ఏహెచ్ బ్యాటరీకి 31,000, చిన్న ఛార్జర్‌కు 11,000, ఫ్యూజులతో వైరింగ్‌కు 9,000, మొత్తం 51,000 అవుతుంది. దసరా బోనస్‌లో 30,000, మూడు నెలల మిగులు 21,000 కలిపితే సరిపోతుంది. బోనస్‌లో మిగిలిన 15,000 ఎఫ్‌డీకి చేర్చండి.

ఆ తర్వాత సోలార్ ప్యానెల్ అనుకోకండి, ముందు ఆర్‌సీ చూడండి. 1997 బండికి 15 ఏళ్లు 2012లో నిండాయి. అప్పటి నుంచి ఐదేళ్లకోసారి లెక్కన 2027లో మళ్లీ రెన్యువల్ వస్తుంది. 20 ఏళ్లు దాటిన లైట్ మోటారు వాహనాలకు ఆ ఫీజును 2025 ఆగస్టులో పది వేలకు పెంచారు. గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ కోసం చేయించే రిపేర్లు వేరు. నాలుగు నెలల మిగులు, అంటే 28,000 దీనికి పక్కన పెట్టండి. క్యాంపర్‌గా మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కిందో లేదో కూడా చూసుకోండి. ఎక్కకపోతే ముందు ఆ పని చూడాలి, లేదంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి, ఇంత పాత బండికి మీ దగ్గరున్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయి ఉండొచ్చు. అలాగైతే బ్యాటరీ దొంగతనానికి పోయినా, కాలిపోయినా నష్టం మీదే. సొంత బండికి జరిగే నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ కవర్ ఉంటే కొత్త సామాన్ల విలువ చెప్పి పాలసీలో రాయించండి. ఎలక్ట్రికల్ ఫిట్టింగ్‌లకు మామూలుగా విలువలో 4 శాతం అదనపు ప్రీమియం పడుతుంది, 51,000కు సుమారు రెండు వేలు.

ఇవన్నీ అయ్యాక మిగులులో సగం ఎఫ్‌డీకి, సగం ప్యానెల్‌కు పంచండి. 200 వాట్ల ప్యానెల్, ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీ కంట్రోలర్, చిన్న ఇన్వర్టర్ కలిపి 17,000. నెలకు 3,500 చొప్పున ఐదు నెలలు పడుతుంది. మన ఎండకు పైకప్పు మీద రోజుకు 700 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. ప్యానెళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి.

ఆర్డర్ ఇచ్చే ముందు రాణిగంజ్‌లో ఇంకో రెండు షాపుల్లో ఇదే చిన్న లిస్టుకు ధర అడగండి. బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజు ఎంతది వేస్తారో, వారంటీ కంపెనీ ఇస్తుందో షాపు ఇస్తుందో కొటేషన్ మీదే రాయించుకోండి. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు, షాపు జీఎస్టీ నంబరు ఉండాలి. చేతిరాత చీటీ పట్టుకుని మూడేళ్ల తర్వాత వారంటీ అడిగితే ఎవరూ ఇవ్వరు.