స్కేలు, టేపు, మూలమట్టం

బిడ్డా,

బడిలో జామెట్రీ మొదలైందనీ, సూత్రాలన్నీ కలగాపులగం అవుతున్నాయనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా బతుకంతా ఇళ్లు కట్టడంలోనే గడిచింది కాబట్టి నాకు తెలిసిన దారి చెప్తా. బట్టీ పట్టకముందే టేపు పట్టు.

ముందు స్కేలు సంగతి. వస్తువును స్కేలు అంచుకు కాదు, సున్నా గీతకు ఆనించు. అంచు అరిగిపోతే 1 దగ్గర మొదలుపెట్టి, చివర్లో ఒకటి తీసేయ్. కన్ను గీతకు నేరుగా పైన ఉండాలి.

ఇక అసలు విద్య మూలమట్టం, అంటే మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూడటం. మీ బోడుప్పల్‌లో ఎక్కడైనా కొత్త ఇంటికి ముగ్గు పోస్తుంటే అమ్మతో వెళ్లి చూడు. మేస్త్రీ మూలలో మేకు కొట్టి, ఒక దారం మీద 3 అడుగులకు, రెండో దారం మీద 4 అడుగులకు గుర్తు పెడతాడు. ఆ గుర్తుల మధ్య టేపు సరిగ్గా 5 అడుగులు చూపాలి. ఎక్కువొస్తే మూల తెరుచుకున్నట్టు, తక్కువొస్తే ముడుచుకున్నట్టు. పెద్ద గదికైతే 6, 8, 10 పెట్టుకోవడం మేలు, చిన్న తేడా కూడా దొరికిపోతుంది. పైథాగరస్ సిద్ధాంతమంటే ఇదే: మూడు మూళ్లు 9, నాలుగు నాలుగులు 16, రెండూ కలిపితే 25, అంటే అయిదు అయిదులు.

నాలుగు మూలలూ అయ్యాక క్రాసు, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు, కొలుస్తారు. పుస్తకంలో వాటినే కర్ణాలంటారు. ఎదురెదురు గోడలు సమానంగా ఉన్నా, రెండు క్రాసులూ కలవకపోతే గది పక్కకు వాలినట్టే. అది చూడకుండా గోడ లేపితే టైల్స్ వేసేటప్పుడు బయటపడుతుంది. గోడ వెంట చివరి వరస టైలు ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడుతూ పోతుంది. అలాంటి గది చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మన హైదరాబాద్‌లో ప్లాటు బేరమంతా గజాల్లోనే. పొడవులో గజమంటే 3 అడుగులు, వైశాల్యంలో 9 చదరపు అడుగులు. పెద్దవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. డాబా మీద సుద్దతో గజం చదరం గీసి, లోపల అడుగు చదరాలు గీసి లెక్కపెట్టు, ఇక మర్చిపోవు. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవున్న ప్లాటు 1350 చదరపు అడుగులు, అంటే 150 గజాలు. ఊళ్లో మన పొలం లెక్కకొస్తే గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు.

ఏది కొలిచినా ముందు కంటితో అంచనా కట్టి రాసుకో, తర్వాతే టేపు తియ్యి.

ఈ ఆదివారం మీ గది నాలుగు గోడలూ, రెండు క్రాసులూ కొలిచి నాకు పంపు. అంచనాలు కూడా పక్కనే రాయి.

మీ తాత