తలకు దెబ్బ తగిలితే నిర్ణయం ఎవరిది?
కాలిఫోర్నియాలో హైస్కూల్ వాటర్ పోలో ఆడే మీ అమ్మాయికి తలపై మోచేయి తగిలి కళ్లు తిరిగితే, కోచ్ అభ్యంతరపెట్టినా రెఫరీ ఆమెను తిరిగి కొలనులోకి దిగనివ్వకపోవడం సబబేనా అని అడిగారు. ముమ్మాటికీ సబబే. అమెరికా హైస్కూల్ నిబంధనల ప్రకారం కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి కలిగే గాయం) లక్షణాలు కనిపించిన క్రీడాకారులను వెంటనే ఆట నుంచి తప్పించాలి. రోగనిర్ధారణ రెఫరీ పని కాదు. లక్షణాలను గమనించి ఆపడమే ఆయన బాధ్యత. ఆపైన భారం కోచ్‌దీ పాఠశాలదీ: రాష్ట్ర చట్టం ప్రకారం ఆ రోజు మళ్లీ ఆడించకూడదు, వైద్యుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి, కంకషన్ అని తేలితే కనీసం 7 రోజులపాటు వైద్యుల పర్యవేక్షణలో దశలవారీగానే ఆటలోకి తీసుకురావాలి. నీళ్లలో స్పృహ తప్పితే ప్రాణానికే ముప్పు కనుక, నేనైతే ఆ రెఫరీకి కృతజ్ఞతలు చెబుతాను. అనుమతి పత్రం చేతికి వచ్చేదాకా అమ్మాయిని ప్రాక్టీసుకు కూడా పంపకండి.